పుష్ అంటే ఒట్టి తొయ్యడమేనా?

అందరికీ నమస్కారం. పుష్ గురించి చెప్పడానికేముంది, తలుపు మీద రాసుంటుంది, తోస్తాం, వెళ్తాం, అంతేగా అనుకుంటున్నారేమో. సరే, ఆ తలుపు దగ్గరే మొదలుపెడదాం.

1883లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో, విక్టోరియా హాల్లో పిల్లల షో జరిగింది. చివర్లో బహుమతులు ఇస్తున్నారనగానే పైన గ్యాలరీలో ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా మెట్ల మీదికి పరిగెత్తారు, కింద తలుపేమో లోపలివైపుకి తెరుచుకునేది, పైగా ఒక్కరు పట్టేంత సందు వదిలి గడియ బిగించేసి ఉంది. ముందువాళ్లు ఇరుక్కుపోయారని వెనకవాళ్లకి తెలీదు, తోసుకుంటూనే వచ్చారు. 183 మంది పిల్లలు చనిపోయారు. ఇప్పుడు ఎమర్జెన్సీ ఎగ్జిట్ తలుపుకి అడ్డంగా బార్ ఉంటుంది చూశారా, చెయ్యి ఆడకపోయినా ఒళ్లు ఆనితే చాలు బయటికి తెరుచుకుంటుంది, అలాంటివి ఈ రకం ఘోరాల తర్వాతే వచ్చాయి. గుంపు తోపుని ఆపలేం కాబట్టి ఆ తోపుకే తెరుచుకునేలా చేశారన్నమాట.

ఇంక మిగతా అర్థాలు. పురిటి గదిలో డాక్టరు పుష్ అంటే తొయ్యమని కాదు, ముక్కమని. ఒకాయన పుషింగ్ ఫిఫ్టీ అంటే యాభైకి దగ్గరపడ్డాడని, అక్కడ ఎవరూ ఎవర్నీ నెట్టట్లేదు. పుషప్‌లో మనం నేలని తోస్తాం, నేల కదలదు, మనమే లేస్తాం, న్యూటన్ 1687లో చెప్పిన మూడో సూత్రం అదే. అన్నట్టు నాడిని పల్స్ అంటాం కదా, అదీ పుష్షూ లాటిన్‌లో ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే.

నాకు మాత్రం ఈ మాటలో అసలు పాయింటు అవతలివాడు అడిగాడా లేదా అన్నది. మెయిల్ వచ్చిందా అని ఫోనే మాటిమాటికీ సర్వర్ని అడిగితే అది పుల్, అడక్కుండానే సర్వర్ పంపిస్తే పుష్, యాపిల్ ఐఫోన్‌లో యాప్‌లన్నిటికీ 2009లో ఇచ్చిన పుష్ నోటిఫికేషన్ ఇదే. అడక్కపోయినా అంటగట్టేవాడు పుషీ, మత్తుమందులు అంటగట్టేవాడు పుషర్.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి గిట్ పుష్ తెలుసు. గిట్ అంటే టీమంతా రాసిన కోడ్ మార్పుల్ని కలిపి దాచుకునే సాధనం, మన మార్పుల్ని అందరిదీ ఉన్న చోటికి పంపితే పుష్, అక్కడివి మన దగ్గరికి తెచ్చుకుంటే పుల్. మీ దగ్గర లేని మార్పులు అప్పటికే అక్కడ ఉంటే గిట్ మీ పుష్ తీసుకోదు, ముందు పుల్ చేసుకుని రా అంటుంది, చాలా మర్యాదైన ఏర్పాటు. దాన్ని కాదని ఫోర్స్ పుష్ కొట్టారనుకోండి, మీది ఎక్కేస్తుంది, పక్కవాళ్లది ఎగిరిపోతుంది, ఆ తర్వాత టీమ్ నుంచి మీకు వచ్చే వ్యతిరేకతని పుష్‌బ్యాక్ అంటారు.

ప్రశ్నలుంటే అడగండి.