ఎడిటింగ్‌కి హద్దు ఎక్కడ?

నిర్వాహకురాలు: చెన్నై స్టూడియో నుంచి నమస్కారం. ఫోటో ఎడిటింగ్‌కి నియమాలు ఉండాలా, ఉంటే కళాకారుల చేతులు కట్టేసినట్టేనా? ముందు మీరు చెప్పండి సార్, ఏళ్ల తరబడి పత్రికల్లో పనిచేశారు.

పత్రికా ఫోటోగ్రాఫర్: నియమం ఉండాల్సిందేనండి. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఏం చేసింది? అడ్డంగా తీసిన ఫోటో నిలువు ముఖచిత్రానికి సరిపోలేదని గిజా పిరమిడ్లని కంప్యూటర్‌లో దగ్గరికి జరిపింది. పిరమిడ్లు నిజమే, ఎడారీ నిజమే. కానీ ఫోటో తీసిన చోట నిలబడితే అవి అలా కనబడవు. వార్తా ఫోటోలో వెలుతురు కాస్త సరిచేస్తాం, అంచులు కత్తిరిస్తాం. అంతే. ఉన్న మనిషిని తీసెయ్యం, లేని మనిషిని పెట్టం.

చిత్రకారిణి: వార్తకి సరే సార్. అదే నియమం అందరి నెత్తిన రుద్దుతారనే నా భయం. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ 1858లో తంజావూరు, మధుర గుళ్లు తీశాడు. ఆ కాలపు ఫోటోల్లో ఆకాశం వెలవెలబోయేది. అందుకని ఆయన కొన్ని నెగటివ్‌ల మీద రంగుతో మబ్బులు దిద్దాడు. ఇప్పుడు ఏ వార్తా ఫోటోల పోటీకి పంపినా పక్కన పడేస్తారు!

పత్రికా ఫోటోగ్రాఫర్: ఆయన తీసింది సర్కారు రికార్డు కదమ్మా. మబ్బుల బదులు గోపురం మీద ఓ బొమ్మ చేర్చి ఉంటే?

చిత్రకారిణి: అది తప్పే, ఒప్పుకుంటాను. గుడి ఇలా ఉందని చెప్పడానికి తీసిన ఫోటోలో గుడిని ముట్టుకోకూడదు. నేను ఫోటో ముక్కలు అతికించి చేసే కొలాజ్ ఏ గుడి గురించీ సాక్ష్యం చెప్పదు. మరి దానికెందుకు ఆ నియమం?

నిర్వాహకురాలు: మీరు పెళ్లిళ్లు తీస్తారు. మీ అనుభవం?

పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్: మా దగ్గర నియమాల మాటే రాదు మేడమ్. "అమ్మాయిని కొంచెం తెల్లగా చెయ్యి బాబూ" అంటారు. అనేది పెళ్లికూతురు కాదు, ఏ మేనత్తో, అత్తగారో. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చామనఛాయగా ఉన్న పిల్ల ఆల్బమ్‌లో ఇంకెవరో అయిపోతుంది. మొటిమ అయితే తీసేస్తాను. రంగు మాత్రం ఆ అమ్మాయిని అడక్కుండా మార్చను. కానీ అందరూ చుట్టూ నిలబడి ఉంటే, పాపం, తను వద్దని ఎలా అంటుంది?

చిత్రకారిణి: కోపం రావాల్సింది ఇక్కడండీ! నా ఊహకి హద్దు పెట్టే ముందు, ఇంకొకరి ముఖాన్ని వాళ్ల ఇష్టం లేకుండా మార్చడం ఆపాలి.

పత్రికా ఫోటోగ్రాఫర్: నార్వేలో 2022 జులై నుంచి ప్రకటనల్లో శరీరం ఆకారం, చర్మం మారిస్తే ఫోటో మీద గుర్తు వెయ్యాలి. ఫ్రాన్స్‌లో మోడళ్లని సన్నగానో లావుగానో దిద్దితే చెప్పాలని 2017 నుంచి ఉంది. ఇక్కడా రావాలి.

పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్: ప్రకటనకి సరే సార్, పెళ్లి ఆల్బమ్‌కి గుర్తు ఎవరు వేస్తారు?

నిర్వాహకురాలు: ఏఐ బొమ్మల సంగతి? 2023లో జర్మన్ ఫోటోగ్రాఫర్ బోరిస్ ఎల్డాగ్సెన్ సోనీ ఫోటోగ్రఫీ అవార్డు వద్దన్నారు, తన బొమ్మ ఏఐతో చేసిందని చెప్పి.

చిత్రకారిణి: ఫోటో, ఏఐ బొమ్మ రెండూ వేరు, ఒకే పోటీలో పెట్టొద్దని ఆయనే అన్నారు. వేరే విభాగం పెట్టండి, నిషేధం వద్దు.

పత్రికా ఫోటోగ్రాఫర్: ఒరిజినల్ ఫైల్ దాచుకోవాలి, అడిగితే చూపించాలి. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి దశకొచ్చినవాళ్లని అదే అడుగుతారు. బాబూ, మీరు పెళ్లికూతురికి ఎడిట్ చెయ్యని ఫోటోలు ఇస్తారా?

పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్: ఎవరూ అడగరు సార్.

చిత్రకారిణి: అడక్కపోయినా ఇవ్వండి. అమ్మాయి చేతికే ఇవ్వండి.