గాలిలో కలిసిపోయిన థిన్నర్ ఏమైతాది?

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినపడతాందా? సరే.

పోయిన వారం బైక్ ట్యాంకుకి పెయింట్ వేయిద్దామని తిరుపతి ఆటోనగర్ పోయినా. పెయింటర్ అన్న పొద్దున తెరిచిన థిన్నర్ డబ్బాకి మూత పెట్టకుండానే పని చేసుకుంటా ఉన్నాడు, సాయంత్రం చూస్తే రెండు వేళ్ళ మందం దిగిపోయింది, ఏందన్నా ఇది అంటే గాలిలో కలిసిపోయింది సార్ అన్నాడు. మనం అంతే కదా, పోయిన డబ్బుల్ని కూడా గాలిలోనే కలిపేస్తాం.

థిన్నర్‌లో మామూలుగా టోలీన్, జైలీన్, అసిటోన్ లాంటివి ఉంటాయి. ఆవిరైనాక వీటిని గాల్లో ఉండే మామూలు ఆక్సిజన్ ఏమీ చేయలేదు, దానికంత దమ్ము లేదు. పని చేసేది ఓహెచ్ రాడికల్, అంటే నీటి అణువులోంచి ఒక హైడ్రోజన్ ఊడిపోతే మిగిలే ముక్క. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఓజోన్‌ని, అంటే మూడు ఆక్సిజన్ పరమాణువులు అతుక్కున్న వాయువుని, విరగ్గొడితే మంచి ఊపు మీదుండే ఒక ఆక్సిజన్ పరమాణువు బయటికొస్తాది, అది తేమని గుద్దుకుంటే రెండు ఓహెచ్‌లు పుడతాయి. మన తిరుపతిలో ఎండకి కరువా చెప్పండి! అయినా మిట్టమధ్యాహ్నం కూడా లక్షల కోట్ల గాలి అణువుల్లో వెతికితే ఒక ఓహెచ్ దొరుకుతాదేమో, దాని బతుకు కూడా ఒక సెకను. ఆకాశాన్ని ఊడ్చేది మాత్రం అదే.

అది కనపడిన అణువు దగ్గర హైడ్రోజన్ లాక్కుని తాను నీళ్ళైపోతాది. టోలీన్ దగ్గర మాత్రం ఎక్కువసార్లు లాక్కోదు, పోయి ఆ ఆరు కార్బన్ల రింగుకే అతుక్కుంటాది. ఆ దెబ్బ తిన్న ముక్కకి ఆక్సిజన్ చేరతాది, అది బండ్ల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్‌కి ఒక ఆక్సిజన్ అంటగడతాది, దాంతో నైట్రోజన్ డయాక్సైడ్, దాన్ని ఎండ విరగ్గొడితే ఊడిన ఆక్సిజన్ పరమాణువు గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్. చూడండి, ఓజోన్‌తో మొదలుపెట్టి మళ్ళీ ఓజోన్‌కే వచ్చినాం, అదీ మనం పీల్చే ఎత్తులోనే. 1950ల్లో లాస్ ఏంజిల్స్‌లో హాగెన్ స్మిట్ అనే ఆయన కళ్ళు మండించే పొగమంచు గుట్టు ఇదేనని తేల్చినాడు, ఆ ఓజోన్‌కి రబ్బరు కూడా పగుళ్ళిచ్చేది. మిగతా ముక్కలు ఫార్మాల్డిహైడ్, కార్బన్ మోనాక్సైడ్ దాటుకుంటా చివరికి కార్బన్ డయాక్సైడ్ అవుతాయి, కొన్ని సన్నటి ధూళిగా మిగిలిపోతాయి.

అన్నిటికీ ఒకే టైం పట్టదు. జైలీన్ ఒక పగటి ఎండకే చాలావరకు ఖర్చైపోతాది. టోలీన్‌కి రెండు రోజులు, ఆ లోపల గాలి గంటకి 10 కిలోమీటర్లు నడిచినా 480 కిలోమీటర్లు, అంటే ఆటోనగర్ డబ్బాలోది బెంగళూరు దాటినాక కూడా కాలుతా ఉండొచ్చు. అసిటోన్ వారాల తరబడి తిరుగుతాది. పెయింట్ ఊడగొట్టే రిమూవర్లలో వాడిన డైక్లోరోమీథేన్‌కైతే నెలలు.

ఇంకొక జాతి ఉంది, అసలు హైడ్రోజనే లేనిది, పాత ఫ్రిడ్జుల్లో పోసిన సీఎఫ్‌సీ గ్యాసు. లాక్కోడానికి ఏమీ లేక ఓహెచ్ దాన్ని వదిలేస్తాది, అది నింపాదిగా స్ట్రాటోస్ఫియర్‌కి, అంటే చాలా ఎత్తునుండే గాలి పొరకి, ఎక్కి అక్కడ క్లోరిన్ వదిలి పైనున్న మంచి ఓజోన్‌ని తింటాదని మొలినా, రౌలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లో చెప్పినారు, 1995లో నోబెల్ వచ్చింది. దాని ఆయుష్షు దగ్గర దగ్గర వందేళ్ళు. మా నాయన కొన్న ఫ్రిడ్జి నా చిన్నప్పుడు లీకైతే మెకానిక్ వచ్చి గ్యాసంతా గాలిలో కలిసిపోయిందమ్మా అని మా అమ్మకి చెప్పి పోయినాడు, ఆ గ్యాసులో సగానికంటే ఎక్కువ ఇప్పటికీ అట్లనే తిరుగుతాంది.