గేటు మీది బోర్డు తిరగరాద్దాం: కుట్టు యూనిట్‌కు మనుషులు దొరికే దారి

నమస్తే అండీ. ఈసారి మెషిన్ల గురించి కాదు, వాటి ముందు కూర్చునే మనుషుల గురించి. నా వెనక ఆరు మెషిన్లు ఆడుతున్నాయి కదా, రెండేళ్ల కిందట ఇవి మూడు నెలలు గుడ్డ కప్పుకుని పడున్నాయి. ఆర్డరుంది, బట్టుంది, కరెంటుంది, కుట్టేవాళ్లు లేరు. రాయదుర్గంలో ఏ జీన్స్ యూనిట్‌వాళ్లను కదిపినా ఒకటే మాట, "టైలర్లు దొరకట్లేదన్నా" అని. నేనూ అదే పాట పాడుతూ కూర్చున్నా.

ఇదిగో, అప్పుడు గేటుకు తగిలించిన బోర్డు. చదువుతా వినండి. "టైలర్లు కావలెను. వయసు 18 నుంచి 30. పదో తరగతి పాస్. అనుభవం సర్టిఫికెట్ తప్పనిసరి. టైము ఉదయం 9 గంటలు. ఫోన్ చేయండి." కింద నా నంబర్. దాని మీద టేపు వేశాను లెండి, లోన్ కావాలా సార్ అని వచ్చే ఫోన్లే ఇప్పటికి చాలు.

మార్కర్ తీసుకుంటున్నా. ఇందులో ఏ మాట ఎవరిని గేటు దగ్గరే వెనక్కి పంపిందో చూద్దాం.

"పదో తరగతి పాస్." జేబు కుట్టడానికి పదో తరగతి ఎందుకు? పక్క యూనిట్ బోర్డు మీద ఉందని నేనూ రాయించా, అంతకుమించి కారణం లేదు. బట్ట బండిల్ మీద సైజు 30, 32, 34 అని చదవగలిగితే చాలు. కొట్టేశా.

వయసు, సర్టిఫికెట్ దగ్గర కాసేపు ఆగుదాం. మన అనంతపురం వలసల జిల్లా. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలో మొదలైందంటే ఊరికే కాదు. వాన మొహం చాటేసిన ఏడు బెంగళూరు బస్సెక్కడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. అలా పోయిన ఆడపిల్లలు చాలామంది గార్మెంట్స్‌లో చేరతారు, నాలుగైదేళ్లు లైన్‌లో కుడతారు. ఆ తర్వాత పెళ్లి, కాన్పు, ఇంట్లో పెద్దవాళ్లకు బాగాలేకపోవడం, ఏదో ఒకటి వచ్చి ఊరికి తిరిగొస్తారు. ఇప్పుడు వాళ్లకు ముప్పై ఆరో, నలభయ్యో. పని చేతిలోనే ఉంది, కాగితమే లేదు. నా బోర్డు లెక్కన వాళ్లు దేనికీ పనికిరారు!

కణేకల్లు వైపు నుంచి ఒకామె వచ్చింది. మెషిన్ ముట్టి పదకొండేళ్లయిందని ముందే చెప్పేసింది. కూర్చోమన్నా. వెంటనే కుట్టలేదు. కింది దారం ఉండే బాబిన్ కేసు బయటికి తీసింది, ఉఫ్ అని ఊదింది, దారం పట్టి లాగి చూసింది, టెన్షన్ స్క్రూ అర చుట్టు తిప్పింది. మన టెన్షన్ కాదండోయ్, దారం బిగువు. ఆ తర్వాతే పెడల్ మీద కాలు పెట్టింది. నాకు ఆ అర చుట్టు చాలు. ఆ మెషిన్‌లో కింది దారం వదులైందని వారం నుంచి మా సూపర్‌వైజరే కనిపెట్టలేకపోయాడు.

నిజం చెప్పాలంటే మొదటి పది రోజులు ఆమె స్పీడు సగానికి సగం. అందుకే రాగానే పీస్ రేటు, అంటే కుట్టిన పీసుకింత అని పెట్టకండి, మొదటి రెండు వారాలు రోజుకూలి ఇవ్వండి. చెయ్యి తిరిగాక పీస్ రేటే కావాలని వాళ్లే అడుగుతారు.

ఇంటర్వ్యూ మానేశాను. దాని బదులు వేస్ట్ బట్టలో పది జేబులు కత్తిరించి ఇస్తా. మొదటి మూడు లెక్కలోకి తీసుకోను, అప్పుడు చేతులు వణుకుతాయి. చివరి మూడు చూస్తా. మూల దగ్గర సూది దింపి బట్ట తిప్పారా, గుండ్రంగా లాగించేశారా? డబుల్ కుట్టు రెండు గీతల మధ్య ఎడం ఒక్కలా ఉందా? అంతే. ట్రయల్ రోజు కూలి మాత్రం కచ్చితంగా చేతిలో పెట్టండి. ట్రయల్ అని రోజంతా ఊరికే చేయించుకుని పంపేసేవాళ్లు మన లైన్లో ఉన్నారు. వాళ్ల పేరు పల్లెల్లో ఎంత వేగంగా తిరుగుతుందో వాళ్లకు తెలీదు.

ఇక టైము. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సు ఉచితం కదా. అంతకుముందు కూలిలో కొంత టికెట్టుకే పోయేది, దూరం ఊళ్లవాళ్లు అసలు అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు అడుగుతున్నారు. కానీ బస్సు దిగేసరికి 9:20, మన గేటు మూసేది 9 గంటలకు! అరగంట జరిపాను, సాయంత్రం బస్సు చూసుకుని వదులుతున్నా. దీనికి నాకు పైసా ఖర్చు కాలేదు. ఖర్చయిందల్లా బాత్రూం తలుపు గడియకు. అది సరిగా పడట్లేదని ఇద్దరు మానేశారు, కారణం మాత్రం నాకు చెప్పలేదు. ఆర్నెల్ల తర్వాత ఇంకొకరి నోట విన్నా.

ఇప్పుడు కెమెరా కాస్త ఎడమ పక్కకు తిప్పుతా. ఆ చివరి మెషిన్ మీద ఉన్నతనికి వినపడదు, మాట రాదు. మొహం చూపించొద్దన్నాడు, చేతులు చూడండి. దారం తెగితే ఎలా తెలుస్తుందని మొదట్లో ఫోన్‌లో టైపు చేసి అడిగా. "బల్ల చెప్తుంది" అని రాశాడు. అరచేతి కింద అదురు మారుతుందట.

మనం మార్చుకోవాల్సింది మాత్రం ఒకటుంది, జాగ్రత్తగా వినండి. వినపడని మనిషిని వెనక నుంచి భుజం తట్టకండి. ఉలిక్కిపడితే వేలు సూది కిందికి పోతుంది. మొదటి రోజే మా సూపర్‌వైజర్ ఆ పని చేశాడు, అదృష్టం కొద్దీ సూది విరిగి ఊరుకుంది. ఆ సాయంత్రమే అతని మెషిన్ ముందు ఎర్ర బల్బు పెట్టాం, స్విచ్ సూపర్‌వైజర్ టేబుల్ దగ్గర. ఒకసారి వెలిగితే పిలుస్తున్నట్టు. ఆగకుండా వెలిగి ఆరుతుంటే అన్నీ వదిలేసి బయటికి రావాలి. వైరు, బల్బు, హోల్డరు, అంతే సామాను. నిప్పు అంటుకుంటే గంట ఒక్కటే సరిపోదు కదా, అందుకని పక్క మెషిన్ ఆమె అతన్ని చూసుకుని బయటికి తీసుకురావాలని కూడా అనుకున్నాం.

ఇక్కడే నేనొక తప్పు చేశా. పనిచ్చాను కదా అని నాలుగు నెలలు హెల్పర్ కూలే ఇచ్చా. ఒక శనివారం ఒక చీటీ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఒక వరసలో పక్క మెషిన్ వాళ్ల పీసులు, ఇంకో వరసలో అతనివి. వాళ్లవి 210, అతనివి 235. కింద ఇద్దరికీ వచ్చిన డబ్బు. ఒక్క మాట లేదు, అంకెలే. దయ చూపిస్తున్నానని ఇంట్లో చెప్పుకున్నవాడిని, ఆ చీటీ చూశాక తలెత్తలేకపోయా. తేడా మొత్తం లెక్కగట్టి ఇచ్చేశా.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తా. పది మంది, అంతకంటే ఎక్కువ ఉంటే ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా ఉంటుంది. దానికి జీతం పరిమితి నెలకు 21,000, దివ్యాంగులకైతే 25,000. ఈ తేడా చాలామంది అకౌంటెంట్లకు గుర్తుండదు, మీరే అడగండి. వైకల్యానికిచ్చే సదరం సర్టిఫికెట్ ఉంటే ఫైల్లో ఒక కాపీ పెట్టుకోండి, కానీ పని చూసి తీసుకున్నాకే అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, పైకి కనబడనివి కూడా. ఇంకోటి, పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. ఆడవాళ్లు ఎక్కువగా వస్తున్నారంటే దీన్ని వాయిదా వేయకండి.

మనుషుల కోసం ఎక్కడ అడగాలి? నేనైతే పొదుపు సంఘం మీటింగుకే పోయాను. మండల సమాఖ్యలో ఒక్కరికి చెప్తే సాయంత్రానికి పది ఊళ్లకు తెలుస్తుంది. టౌన్‌లో అయితే అక్కడి పొదుపు సంఘాలను చూసే మెప్మా వాళ్లున్నారు. వికలాంగుల సంఘాలు ఉన్న ఊళ్లలో నేరుగా వాళ్లనే కలవండి. కన్సల్టెన్సీ అని మధ్యలో వచ్చి మనిషికింత అని అడిగేవాళ్లకు మాత్రం పైసా ఇవ్వకండి. ఆ డబ్బు చివరికి కూలిలోంచే పోతుంది.

సరే, బోర్డులో ఏం మిగిలిందో చూడండి. "కుట్టు పని తెలిసినవారు కావలెను. వయసు 18 దాటితే చాలు. పని చూసి తీసుకుంటాం, చూసిన రోజు కూలి ఇస్తాం. ఉదయం 9:30 నుంచి." "ఫోన్ చేయండి" అన్న ఒక్క ముక్కే మిగిలింది. ఇందులో తప్పేముందని నేనూ అనుకున్నా. ఆ చివరి మెషిన్ అతను ఈ బోర్డు చూసి మూడు వారాలు ఆగాడట. పక్క ఊళ్లో ఉన్న చెల్లెలు పండగకు వచ్చాక గానీ నాకు ఫోన్ రాలేదు. అందుకే ఆ పక్కన ఇంకో మాట రాస్తున్నా, "మెసేజ్ కూడా పెట్టొచ్చు."