పసుపు, ఉల్లి, గుండె కణం: మందు ఎప్పుడు పడిందో చూడండి

[తెర మీద: ఆక్సిజన్ అందక పాలిపోయిన గుండె కణం]

గుండెకు రక్తం ఆగితే కణాలు చస్తాయి. రక్తం తిరిగి అందినప్పుడు ఇంకొన్ని చస్తాయి. ఆక్సిజన్ లేనంతసేపు కణంలో ఆమ్లం పేరుకుంటుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొరలోని రంధ్రం తెరుచుకోకుండా ఆపేది ఆ ఆమ్లమే. ఆక్సిజన్ రాగానే కొన్ని నిమిషాల్లో ఆమ్లం పోతుంది, కాల్షియం నిండుతుంది, ఫ్రీ రాడికల్స్ ఒక్కసారిగా ఎగుస్తాయి. రంధ్రం తెరుచుకుంటుంది, కణం కూలుతుంది.

[తెర మీద: ఉల్లిపాయ, పసుపు కొమ్ము]

ఉల్లిలోని క్వెర్సెటిన్, పసుపులోని కర్కుమిన్ ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్‌ను దాన్ని బంధించి ఉంచే కీప్1 అనే మరో ప్రొటీన్ పట్టు నుంచి విడిపిస్తాయి. అది కేంద్రకంలోకి వెళ్లి రక్షణ ఎంజైముల జన్యువులను మేల్కొలుపుతుంది. కానీ ఎంజైములు తయారవడానికి గంటలు పడుతుంది, దెబ్బ పడేది నిమిషాల్లో. అందుకే ల్యాబ్‌లో కణాలు పెంచే ప్లేటులో ఈ మందును ముందు రోజే వేస్తే ఫలితం బాగుంటుంది. గుండెపోటు వచ్చిన మనిషికి ఆ ముందు రోజు దొరకదు. ఛాతీ నొప్పి మొదలైతే పసుపు పాలు కాచుకుంటూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

[తెర మీద: 96 గుంటల ప్లేటు, ఆక్సిజన్ తగ్గించే హైపాక్సియా ఛాంబర్]

హైదరాబాద్ హబ్సిగూడలోనో జీనోమ్ వ్యాలీలోనో ఈ మందులను కణాల మీద పరీక్షించే పని మొదలుపెడుతున్నవాళ్లకు: ఎలుక గుండె నుంచి వచ్చిన హెచ్9సీ2 కణాలను గుంటకు 5,000 నుంచి 10,000 వేయండి. గ్లూకోజ్, సీరమ్ లేని మీడియంను (కణాలు పెరిగే ద్రవాన్ని) ముందు రాత్రే ఛాంబర్‌లో ఉంచండి. లేకపోతే అందులో కరిగి ఉన్న ఆక్సిజన్‌తో కణాలు చాలాసేపు హాయిగా బతికేస్తాయి. గ్యాసు: 1% ఆక్సిజన్, 5% కార్బన్ డయాక్సైడ్, 94% నైట్రోజన్. 6 నుంచి 12 గంటల తర్వాత ఆ మీడియం తీసి మామూలు మీడియం పోసి, మామూలు ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. మందును కరిగించే డీఎంఎస్‌ఓ 0.1% దాటకూడదు. అంతే డీఎంఎస్‌ఓ వేసి, మందు వేయని గుంటలూ ఉండాలి.

ఎక్కువమంది మోసపోయేది ఎంటీటీ దగ్గర. బతికున్న కణాలు ఊదాగా మార్చే పసుపుపచ్చ రంగు అది. క్వెర్సెటిన్ లాంటి పాలీఫినాల్ ఆ రంగును తనే ఊదాగా మార్చేస్తుంది. చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. కణాలు లేని గుంటలో మందు, ఎంటీటీ మాత్రమే వేసి చూడండి, అసలు సంగతి తెలుస్తుంది. ఎంటీటీ వేసే ముందే మందు ఉన్న మీడియం తీసి కడగండి, దెబ్బతిన్న కణాల నుంచి మీడియంలోకి కారిన ఎంజైము ఎల్‌డీహెచ్‌ను కూడా కొలవండి.

కర్కుమిన్ చిక్కు వేరు. సీరమ్ లేని తటస్థ ద్రవంలో 37 డిగ్రీల వద్ద అరగంటలోనే దాదాపు 90% విరిగిపోతుంది. మీరు ఇచ్చింది కర్కుమినో దాని ముక్కలో చెప్పలేరు. క్వెర్సెటిన్ కూడా మీడియంలో ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది.

[తెర మీద: ప్లేటు పటం, చివరి రెండు వరుసలకు రంగు]

గుండెపోటు వచ్చిన మనిషి పరిస్థితికి దగ్గరగా ఉండేలా రెండు వరుసలు అదనంగా ఉంచండి. ఒకదానిలో ఆక్సిజన్ తిరిగి ఇచ్చే నిమిషంలోనే మందు వేయండి. రెండోదానిలో మోతాదు 1 మైక్రోమోలార్, అంతకన్నా తక్కువ. తిన్న తర్వాత క్వెర్సెటిన్ రక్తంలో చేరేది సుమారు ఆ స్థాయికే, అదీ ఎక్కువగా కాలేయం, పేగు మార్చేసిన రూపాల్లోనే.