నెట్ ఫుల్లుగా ఉంది, కానీ నెట్ రావట్లేదు

(కొత్తగా ఇంటర్నెట్ నేర్చుకుంటున్న పెద్దల తరగతుల ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ తరగతులు పెట్టి తీరాలని పట్టుబట్టి చివరికి కుర్చీలు కూడా తామే సర్దుకున్న నిర్వాహకులకు, ఈ వయసులో మాకెందుకులే అనుకోకుండా వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన అరగంటా అక్కడే అయిపోతుంది. ఎవరైనా నొచ్చుకుంటే సభ అయ్యాక చెప్పండి, విడిగా పెడతాను.

నాకిచ్చిన అంశం ఇంటర్నెట్‌లో వాడే మాటలు, వాటి అర్థాలు. మీ చేతుల్లో ఉన్న కాగితంలో ఆ మాటలన్నీ అకౌంటు దగ్గర మొదలై హోమ్‌పేజీ దాకా వరసగా ఉన్నాయి. ఒక్కోటీ చదివి, అర్థం చెప్పి దిగిపోదామనే వచ్చాను. కానీ ఆ కాగితం చూస్తుంటే ఒక సంగతి గుర్తొస్తోంది. అది చెప్పకుండా ముందుకెళ్లడం నావల్ల కాదు.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఉన్నారు. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఒక రోజు ఆవిడ ఫోన్‌లో ఏ పేజీ తెరుచుకోలేదు. తెల్లటి తెర, మధ్యలో గుండ్రంగా తిరిగే గీత. ఇంటికి కనెక్షన్ ఇచ్చిన కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, "బాబూ, నెట్ ఫుల్లుగా ఉంది, కానీ నెట్ రావట్లేదు" అన్నారు. అవతల కుర్రాడు నవ్వాడు. నవ్వి, "అమ్మా, మీ ఇంట్లో పిల్లలెవరైనా ఉంటే ఫోన్ వాళ్లకివ్వండి" అన్నాడు. జీవితమంతా పిల్లలకు వాక్యం ఎలా రాయాలో నేర్పినావిడ, మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేశారు. సాయంత్రం మనవడు వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

ఆవిడ అన్న వాక్యంలో తప్పేమిటో చెప్పండి. నాకైతే కనపడదు. అక్షరాలా నిజం అది. ఫోన్ పైన మూలలో విసనకర్రలా విచ్చుకుని కనిపిస్తుందే, ఆ వైఫై గుర్తు నిండుగానే ఉంది. ఆ గుర్తు చెప్పేది ఒక్కటే: ఫోన్‌కీ, ఇంట్లో గోడ పక్కన దీపాలు మిణుకుమంటూ ఉండే రౌటర్ డబ్బాకీ మధ్య సంబంధం బాగుందని. ఆ డబ్బా నుంచి బయటికి వెళ్లే తీగ తెగిపోయినా సరే, గుర్తు నిండుగానే ఉంటుంది. ఆవిడకి జరిగింది అదే. రౌటర్ మీద ఒక దీపం ఎర్రగా వెలుగుతోంది. ఆవిడ దాన్ని చూశారు కూడా. దాన్ని ఏమని చెప్పాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్పలేదు.

అంటే ఆవిడకి లోటైంది తెలివి కాదు, రెండు పేర్లు. "వైఫై ఉంది, ఇంటర్నెట్ లేదు, రౌటర్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది" అని ఉంటే, ఆ కుర్రాడే "సరేనమ్మా, లైను చూడటానికి మనిషిని పంపిస్తాం" అనేవాడు. అందుకే ఈ కాగితంలో మాటల్ని పరీక్షకి చదివినట్టు బట్టీ పట్టొద్దంటాను. మీరు ఫిర్యాదు చేయడానికీ, నిలదీసి అడగడానికీ, అవసరమైతే పోట్లాడటానికీ పనికొచ్చేలా నేర్చుకోండి.

ఇంకో మాట. ఈ గదిలో వెనక నిలబడ్డ చిన్నవాళ్లకి. బాబూ, అమ్మా, మీ పెద్దవాళ్లు ఏదైనా అడిగితే "ఇలా ఇవ్వు, నేను చేసిస్తా" అని ఫోన్ లాక్కోకండి. మీ వేళ్లు ఆడే వేగానికి వాళ్లకి ఏమీ కనపడదు. పని అవుతుంది, నేర్చుకోవడం కాదు. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండనిచ్చి, ఇది ఫలానా, దీన్ని నొక్కు అని పేరు పెట్టి చెప్పండి. "అది నొక్కు, ఆ, అది కాదు, ఆ పక్కది" అనడం నేర్పడం కింద రాదు.

సరే, మాటల్లోకి వద్దాం. ఇంటర్నెట్, వెబ్. ఈ రెంటినీ మనం ఒకటిగా వాడేస్తాం, ఒకటి కావు. ఇంటర్నెట్ అంటే ప్రపంచంలో కంప్యూటర్లని, ఫోన్లని ఒకదానితో ఒకటి కలిపిన అల్లిక. తీగలు, సముద్రం అడుగున పరిచిన కేబుళ్లు, వాటి మీద సమాచారం ఎలా నడవాలో చెప్పే కట్టుబాట్లు. దానికి ముందున్న ఆర్పానెట్ అనే అల్లికలో మొదటి సందేశం వెళ్లింది 1969 అక్టోబరు 29న, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధన సంస్థకి. లాగిన్ అని పంపబోయారు. ఎల్, ఓ అని రెండక్షరాలు చేరాక అవతలి యంత్రం పడిపోయింది. మీ ఫోన్ మొరాయిస్తే సిగ్గుపడకండి, మొదటి రోజే మొరాయించింది ఇది.

వెబ్ ఇరవై ఏళ్ల తర్వాత పుట్టింది. 1989లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించాడు. ఒక పేజీలో ఒక మాటని నొక్కితే ఇంకెక్కడో ఉన్న ఇంకో పేజీ తెరుచుకునే ఏర్పాటు. ఆ నొక్కే మాట లింకు. పేజీలన్నీ కలిస్తే సైటు. సైటు దాచి ఉంచి, అడిగినప్పుడు పంపే కంప్యూటర్ సర్వర్. ఆ పేజీలు తెచ్చి మీకు చూపించే యాప్ బ్రౌజర్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఇవి బ్రౌజర్లు. గూగుల్ సెర్చ్ బ్రౌజర్ కాదు, పేజీలు వెతికిపెట్టే సైటు. "ఏ బ్రౌజరండీ?" అని అడిగితే "గూగుల్" అంటారు చాలామంది. గూగుల్ కంపెనీదే క్రోమ్ బ్రౌజర్ కాబట్టి ఆ తికమకలో మీ తప్పు పెద్దగా లేదు.

404 అని ఒక అంకె కనపడుతుంది అప్పుడప్పుడు. చూసి బెదిరిపోతారు. నిజానికి అది శుభవార్త లాంటిది. మీ నెట్ పనిచేస్తోంది, సర్వర్ దాకా వెళ్లారు, అది బదులు కూడా చెప్పింది, అడిగిన పేజీ మాత్రం నా దగ్గర లేదు అంటోంది. రౌటర్ ఆపి మళ్లీ వేయాల్సిన పని లేదు.

అప్‌లోడ్, డౌన్‌లోడ్: మీ దగ్గర్నుంచి పంపితే అప్, మీ దగ్గరికి తెచ్చుకుంటే డౌన్. క్లౌడ్ అంటే మబ్బుల్లో ఏమీ లేదు, ఎక్కడో పెద్ద భవనాల్లో వరసగా పేర్చిన వేరేవాళ్ల కంప్యూటర్లు. స్పీడు గురించి ఒకటి చెప్పి వదిలేస్తాను. కనెక్షన్ వేగం మెగాబిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణం మెగాబైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. వంద మెగాబిట్ల కనెక్షన్ అంటే సెకనుకి మహా అయితే పన్నెండున్నర మెగాబైట్లు. "వంద అన్నారు, పన్నెండే వస్తోంది, మోసం" అని పోట్లాటకి వెళ్లే ముందు ఎనిమిదితో భాగించండి.

ఇప్పుడు అసలు సంగతి. లింకు.

మీలో ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, "తెలియని లింకు నొక్కొద్దు" అని. పత్రికల్లో చెబుతారు, బ్యాంకులు చెబుతాయి, పిల్లలు చెబుతారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. తెలిసిన లింకో తెలియని లింకో తెలుసుకునేదెలా అన్నది చెప్పరే! చదవడం నేర్పకుండా జాగ్రత్తగా ఉండమంటే ఎలా ఉంటారు? అన్నిటికీ భయపడతారు, లేదా దేనికీ భయపడరు. కాబట్టి మిగతా మాటలు ఇంకో రోజు చూసుకుందాం. ఇవాళ లింకు చదవడం ఒక్కటి నేర్చుకుని వెళ్దాం. అధ్యక్షులవారు మన్నించాలి.

సర్వర్లకి నిజానికి ఉండేవి అంకెలు. ఐపీ అడ్రస్ అంటారు. అంకెలు మనకి గుర్తుండవు కాబట్టి పేర్లు పెట్టారు. మొదట్లో ఏ పేరుకి ఏ అంకె అన్నది ఒకే ఒక్క ఫైలులో ఉండేది, దాన్ని ఇందాక చెప్పిన, ఆర్పానెట్ మొదటి సందేశం అందుకున్న ఆ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫీన్లర్ నడిపిన బృందం చూసుకునేది. కొత్త కంప్యూటర్ చేరితే వాళ్లకి చెప్పి ఎక్కించుకోవాలి. కంప్యూటర్లు పెరిగేసరికి ఆ పద్ధతి కుదరలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్‌ఎస్ అనే ఏర్పాటు రూపొందించాడు. పేరుని చుక్కలతో ముక్కలు చేసి, ఒక్కో ముక్క బాధ్యత ఒక్కొక్కరికి అప్పగించారు. ఈ ముక్కల సంగతి తెలిస్తే మోసం చాలావరకు దొరికిపోతుంది.

ఉత్తరం మీద చిరునామా ఎలా రాస్తాం? ముందు మనిషి పేరు, తర్వాత ఇల్లు, వీధి, ఊరు, చివర్లో రాష్ట్రం. ఉత్తరాలు వేరుచేసేవాళ్లు మాత్రం కింద నుంచి పైకి చదువుతారు. లింకునీ అలాగే వెనక నుంచి చదవాలి.

ముందు హెచ్‌టీటీపీఎస్ అని ఉంటుంది, రెండు చుక్కలు, రెండు వాలుగీతలు. ఆ వాలుగీతని స్లాష్ అంటారు. అక్కడి నుంచి తర్వాత వచ్చే మొదటి స్లాష్ దాకా చూడండి. సైటు పేరు అంతే. ఆ స్లాష్ తర్వాత ఎంత పొడుగున్నా, ఎన్ని మంచి మాటలున్నా పట్టించుకోకండి. స్లాష్ దగ్గర ఆగి, వెనక్కి రండి. కామ్, ఆర్గ్, నెట్ లాంటి ఒక ముక్క, దాని ముందు ఒక ముక్క. ఈ రెండూ కలిస్తే సొంతదారు. కొన్ని దేశాల్లో కో డాట్ ఇన్, కో డాట్ యూకే అని చివర రెండు ముక్కలుంటాయి, అప్పుడు మూడు ముక్కలు చూడాలి. వాటికి ఎడమవైపు ఉన్నవన్నీ ఆ సొంతదారు తనకి తోచినట్టు పెట్టుకునేవి. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బోర్డు మీద ఈ రెండూ రాస్తున్నాను, చూడండి.

లాగిన్ డాట్ మీబ్యాంకు డాట్ కామ్ స్లాష్.

మీబ్యాంకు డాట్ కామ్ డాట్ ఖాతాచెక్ డాట్ నెట్ స్లాష్.

రెంటిలోనూ మీబ్యాంకు ఉంది, రెంటిలోనూ కామ్ ఉంది. వెనక నుంచి చదవండి. మొదటిది మీబ్యాంకు డాట్ కామ్ వాళ్లది. రెండోది? ఆ, గట్టిగా చెప్పండమ్మా. ఖాతాచెక్ డాట్ నెట్! ఎవడో ఖాతాచెక్ అనే పేరు కొనుక్కుని, ముందు మీ బ్యాంకు పేరు తగిలించాడు. మనం ఎడమ నుంచి చదవడం మొదలుపెట్టి, తెలిసిన పేరు కనపడగానే ఆగిపోతాం. వాడు ఆశ పెట్టుకున్నది సరిగ్గా దాని మీదే. ఇంకోటి: మీబ్యాంకు, అడ్డగీత, సెక్యూర్, డాట్ కామ్. అడ్డగీత చుక్క కాదు. మీబ్యాంకు-సెక్యూర్ మొత్తం ఒకే ముక్క, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు.

"మరి తాళం గుర్తు ఉంటే మంచిదేగా?" అని అడుగుతారు. హెచ్‌టీటీపీఎస్‌లో చివరి ఎస్ చెప్పేది, మీకూ ఆ సర్వర్‌కీ మధ్య ఎవరూ తొంగిచూడలేరని. అవతల ఉన్నవాడు పెద్దమనిషని చెప్పదు. దొంగ కూడా పైసా ఖర్చు లేకుండా ఆ ఎస్ తెచ్చుకోవచ్చు. జనం దాన్ని నమ్మకానికి ముద్ర అనుకుంటున్నారనే క్రోమ్ 2023లో ఆ తాళం బొమ్మ తీసేసింది. అంతకుముందు చాలా ఏళ్ల పాటు "తాళం ఉందో లేదో చూసుకోండి" అని మనకి నేర్పారు. నేర్పినవాళ్లలో చాలామంది తిరిగొచ్చి, అది చాలదు అని చెప్పలేదు.

క్యూఆర్ కోడ్ కూడా చాలాసార్లు లింకే, బొమ్మ రూపంలో. కెమెరా పెట్టగానే పేరు చూపిస్తుంది, తెరిచే ముందు చదవండి. పొట్టి లింకులుంటాయి, అసలు పేరు దాచేస్తాయి. బ్యాంకు పేరుతో పొట్టి లింకు వస్తే దాని జోలికే పోకుండా, మీ ఫోన్‌లో ఉన్న బ్యాంకు యాప్ మీరే తెరవండి.

మెయిల్‌కీ ఇదే చదువు. 1971లో రే టామ్లిన్‌సన్ మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య ఎట్ గుర్తు పెట్టాడు, ఇప్పటికీ అదే నడుస్తోంది. మెయిల్ తెరిస్తే పైన లావు అక్షరాల్లో కనపడే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. దాన్ని నొక్కితే కింద అసలు అడ్రస్ వస్తుంది. ఎట్ తర్వాత ఉన్నది వెనక నుంచి చదవండి. అది సరిగ్గా ఉన్నా డబ్బు, పాస్‌వర్డు అడిగితే మాత్రం మనిషికి ఫోన్ చేసి కనుక్కోండి, ఆ అడ్రస్‌ని కూడా దొంగిలించి పంపేవాళ్లున్నారు. మెయిల్ నకలు ఎవరికి వెళ్లాలో వేసే గడులు సీసీ, బీసీసీ. సీసీలో పెట్టినవాళ్లు అందరికీ కనపడతారు, బీసీసీలో పెట్టినవాళ్లు కనపడరు. రిప్లై ఆల్ నొక్కితే అందరికీ పోతుంది, మీ అల్లుడి మీద కోపం కూడా. అడగకుండా గుంపుగా వచ్చి పడేది స్పామ్. అదీ కొత్తది కాదు, 1978లో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి ఆర్పానెట్‌లో దాదాపు నాలుగు వందల మందికి ప్రకటన పంపి తిట్లు తిన్నాడు.

ఓటీపీ గురించి ఒక్క ముక్క. అది మీరు తెరిచిన పేజీలో మీ వేలితో వేసే అంకె. ఫోన్‌లో అడిగినవాడికి చెప్పే అంకె కాదు, వాడు ఎంత మర్యాదగా అండీ అండీ అన్నా సరే.

సమయం మించిపోయింది, కాగితంలో సగం మాటలు అలాగే ఉన్నాయి. కుకీలు, కాష్, ఎన్‌క్రిప్షన్ మీ తరగతిలో వస్తాయి. ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. వెనకున్న పిల్లలు చేతులు కట్టుకోండి, ఎవరి ఫోన్లూ ముట్టుకోవద్దు. మీకొచ్చిన మెసేజీల్లో నీలం రంగులో ఉన్న ఒక లింకు వెతకండి. నొక్కకండి, దాని మీద వేలు పెట్టి అలాగే ఉంచితే చాలా ఫోన్లలో పూర్తి పేరు కనపడుతుంది. కనపడిందా? మొదటి వరసలో చివరి కుర్చీలో ఉన్నమ్మా, మీతో మొదలుపెడదాం. స్లాష్ ఎక్కడుంది? దాని ముందు ఏముంది?