"మీరు ఎలాంటి మ్యూజిక్ వాయిస్తారు?" అని అడిగితే ఏం చెప్పాలి

[తెర మీద: ఒక దరఖాస్తు ఫారం. "మీ సంగీత శైలి" అన్న గడిలో కర్సర్ మినుకుమంటూ ఉంటుంది.]

బ్యాండ్ పెట్టిన ఎవరికైనా ఈ గడి దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. బ్యాండ్ పేరు రాస్తాం, ఎంతమందో రాస్తాం, ఎవరేం వాయిస్తారో రాస్తాం. "మీ మ్యూజిక్ ఎలా ఉంటుంది?" అనేసరికి నలుగురం మొహమొహాలు చూసుకుంటాం. చివరికి ఎవరో ఒకరు విసుగొచ్చి, "అన్నీ కలిపి ఉంటుందని రాసెయ్" అంటారు.

మేమూ అదే చేశాం. "ఫ్యూజన్" అని ఒక్క ముక్క రాసి పంపాం. నిర్వాహకులు ఆ మాట చూసి, కుర్చీల్లో కూర్చుని ప్రశాంతంగా వినే కార్యక్రమంలో మమ్మల్ని వేశారు. మా మొదటి పాటే చెవులు గరగరలాడించే డిస్టార్షన్ గిటార్‌తో మొదలవుతుంది. రెండో పాట అయ్యేసరికి ముందు వరస ఖాళీ. వాళ్లని ఏమనగలం? మేమిచ్చిన మాటకి వాళ్లకి తోచిన అర్థం అది.

[కట్. వ్యాఖ్యాత కెమెరా వైపు.]

అసలు ఈ జానర్ (సంగీత శైలి) పేర్లు ఎలా పుట్టాయో తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. చాలావాటిని వాయించేవాళ్లు పెట్టుకోలేదు. అమెరికాలో నల్లజాతి కళాకారుల రికార్డుల పట్టికని బిల్‌బోర్డ్ పత్రిక "రేస్ రికార్డ్స్" అని పిలిచేది. 1949లో ఆ పేరు తీసేసి "రిథమ్ అండ్ బ్లూస్" అని మార్చింది. ఆ మాట అప్పట్లో అదే పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్‌ది. "షూగేజ్" (బూట్ల వైపు చూడటం) అయితే అచ్చంగా వెటకారం. స్టేజి మీద గిటారిస్టులు జనాన్ని చూడకుండా, కాళ్ల దగ్గరున్న, గిటార్ సౌండ్ మార్చే పెడల్స్ వైపే తలొంచుకుని నిలబడేవాళ్లని బ్రిటిష్ మ్యూజిక్ పత్రికలు 1990ల మొదట్లో ఎగతాళి చేశాయి. ఇవాళ కుర్ర బ్యాండ్లు ఆ పేరునే ముచ్చటపడి పెట్టుకుంటున్నాయి.

తన శైలికి తానే పేరు పెట్టుకుని నెగ్గినవాడు నైజీరియా సంగీతకారుడు ఫెలా కుటి. పశ్చిమ ఆఫ్రికా హైలైఫ్, జాజ్, ఫంక్, యొరుబా జాతి లయలు కలిపి, 1960ల చివర్లో దానికి "ఆఫ్రోబీట్" అన్నాడు. పేరు నిలబడిందంటే, ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే వాయించాడు కాబట్టి. మొదటి పాట రికార్డు చెయ్యకముందే కొత్త జానర్ కనిపెట్టే పని మాత్రం పెట్టుకోకండి. (మేం పెట్టుకున్నాం. ఆ పేరు ఇక్కడ చెప్పను, నవ్వుతారు.)

[తెర మీద: రిహార్సల్ గది. ఫోన్‌లో రికార్డు చేసిన పాట గరగరమంటూ వినిపిస్తుంది.]

ఇప్పుడు అసలు పని. మనం సాధారణంగా ఏం చేస్తామంటే, శైలి అడిగితే మన ఇష్టాలు చెప్తాం. డ్రమ్మర్‌కి మెటల్ ఇష్టం, బేస్ గిటార్ వాయించే అమ్మాయి రెగె వింటూ పెరిగింది, కీబోర్డ్ అతనికి పాత మెలొడీలు ప్రాణం. ఇవన్నీ మీరు ఏం విన్నారో చెప్తాయి. మీరు వాయించేది ఎలా వినిపిస్తుందో చెప్పవు. వినేవాడికి కావాల్సింది ఆ రెండోదే.

మీ పాటలు మూడు తీసుకోండి. జానర్ పేరు ఒక్కటి కూడా వాడకుండా, చెవికి ఏం తగులుతోందో కాగితం మీద రాయండి. మొదటి పది నిమిషాలు చిరాకొస్తుంది. వదలకండి.

వేగంతో మొదలుపెట్టండి. మెట్రోనోమ్ యాప్‌లో పాటతో పాటు వేలితో తడితే నిమిషానికి ఎన్ని బీట్లో తెలిసిపోతుంది. హౌస్ అనే డాన్స్ మ్యూజిక్ సాధారణంగా 120, 130 మధ్య ఉంటుంది. డ్రమ్ అండ్ బేస్ అనే ఇంకో డాన్స్ మ్యూజిక్ 170 దగ్గర పరిగెడుతుంది. కానీ అంకె ఒక్కటే నమ్ముకుంటే దెబ్బతింటారు.

[సౌండ్: 140 బీట్ల డ్రమ్స్. ముందు స్నేర్ (టప్‌మని మోగే డ్రమ్) 2, 4 బీట్ల మీద, తర్వాత 3 మీద మాత్రమే.]

విన్నారుగా? రెండూ 140లోనే ఉన్నాయి. మొదటిది గెంతిస్తుంది. రెండోదానిలో స్నేర్ దెబ్బ సగానికి సగం తగ్గింది, అందుకే 70లో బరువుగా అడుగులేస్తున్నట్టు ఉంది. డబ్‌స్టెప్ అనే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ నడక ఇదే. అందుకని "మా పాట 140" అని కాకుండా, తల ఊపిస్తుందా, గెంతిస్తుందా, మెల్లగా ఊగిస్తుందా అని రాయండి.

లెక్క, అంటే ఒక్కో ఆవృతంలో బీట్లు, మామూలు నాలుగు కాకపోతే అది కూడా చెప్పండి. మాకు ఒక పాట ఏడులో ఉంది. "ఆడ్ టైమ్ సిగ్నేచర్" అంటే సగం మందికి అర్థం కాలేదు. "తకిట తకధిమి" అని నోటితో అనేసరికి చేతులు వాటంతటవే కదిలాయి.

తర్వాత గొంతు. వాయిద్యాల మీద తేలుతోందా, వాటి కింద మునిగి ఉందా? చెవిలో చెప్పినట్టుందా, వీధి చివరికి కేక వేసినట్టుందా?

నాకు అన్నిటికంటే పనికొచ్చిన ప్రశ్న ఇంకొకటి ఉంది. రిహార్సల్‌లో ఒక్కొక్కరినీ ఆపించి అదే పాట వాయించి చూడండి. ఎవరు ఆగితే పాట కుప్పకూలుతుంది? మేం గిటార్ బ్యాండ్ అని మూడేళ్లు చెప్పుకు తిరిగాం. గిటార్ ఆపితే పాట నడిచింది. బేస్ ఆపితే ఏమీ మిగల్లేదు. గిటారిస్ట్‌ని నేనే కాబట్టి ఆ రోజు నాకు అన్నం సహించలేదు. కానీ మా శైలి గురించి మాకు దొరికిన మొదటి నిజం అదే.

[తెర మీద: "ఎనర్జిటిక్", "సోల్‌ఫుల్", "యూనిక్". ఒక్కోదాని మీద అడ్డగీత.]

ఈ మూడూ కొట్టెయ్యండి. ఒక మాట పనికొస్తుందో లేదో తేల్చడానికి దాన్ని తిరగేసి చూడండి. "మాది నీరసమైన మ్యూజిక్" అని ఏ బ్యాండైనా రాసుకుంటుందా? రాసుకోదు. అలాంటప్పుడు "ఎనర్జిటిక్" అన్నా కొత్తగా తెలిసేదేమీ లేదు. అదే "గొంతు కన్నా బేస్ ముందుంటుంది" అంటే, అలా ఉండని బ్యాండ్లు బోలెడున్నాయి. ఆ మాట మీ గురించి ఏదో చెప్తోందన్నమాట.

పేరున్న బ్యాండ్‌తో పోల్చడం తప్పేం కాదు. కాకపోతే "ఫలానావాళ్లలా ఉంటాం" అని మొత్తంగా అనకండి. వాళ్ల డ్రమ్స్ లాగానా, వాళ్ల కోరస్ లాగానా, అది చెప్పండి.

అడిగేవాళ్లని బట్టి కూడా మాట మారుతుంది. పాటలు అప్‌లోడ్ చేసేచోట జాబితాలోంచి జానర్ ఎంచుకోమంటారు. అక్కడ పంతాలకి పోకుండా దగ్గరగా ఉన్నది నొక్కి ముందుకెళ్లండి. నిర్వాహకులకి కావాల్సింది ఎంత సౌండ్ వస్తుంది, జనం కూర్చుంటారా నిలబడతారా అన్నది. మోటర్‌హెడ్ బ్యాండ్‌ని లోకమంతా హెవీ మెటల్ కింద వేసింది. ఆ బ్యాండ్ గాయకుడు లెమ్మీ మాత్రం స్టేజి ఎక్కి "మేం మోటర్‌హెడ్, మేం రాక్ అండ్ రోల్ వాయిస్తాం" అనే మొదలుపెట్టేవాడు. లోకం అన్నది ఒకటి, అతను అన్నది ఇంకొకటి, రెండూ పక్కపక్కనే బతికాయి.

మాట దొరికిందనుకున్నాక, మీ పాటలు ఎప్పుడూ వినని ఒకరికి ఆ ఒక్క వాక్యం చదివి వినిపించండి. "ఎలా ఉంటుందనుకుంటున్నావు?" అని అడిగి, అప్పుడు పాట పెట్టండి. "అరె, ఇలా అనుకోలేదే" అంటే మళ్లీ రాయాలి. పాట వింటూ వాళ్ల నోట యథాలాపంగా ఏదైనా మాట వస్తే వెంటనే రాసుకోండి. మా పాట విని ఒకాయన, "మెల్లగా తలుపు తట్టి, చివరికి బద్దలుకొట్టారేంటి" అన్నాడు. అంత మంచి మాట మా నలుగురికీ మూడేళ్లలో తట్టలేదు.

[తెర మీద: మొదటి ఫారం మళ్లీ. గడిలో అక్షరాలు పడుతూ ఉంటాయి.]

ఇప్పుడు మేం రాసేది ఇదీ: "బేస్ ముందుండే రాక్. కొన్ని పాటలు ఏడు లెక్కలో నడుస్తాయి. మెల్లగా తలుపు తట్టి, చివరికి బద్దలుకొడతాం. నిలబడి వినేచోటయితే మేలు."

మా డ్రమ్మర్‌కి ఇది ఇప్పటికీ నచ్చలేదు. "ప్రోగ్రెసివ్" అన్న జానర్ పేరు ఉండి తీరాలంటాడు. పోనీలే అని, అతని సొంత ప్రొఫైల్‌లో పెట్టుకోమన్నాం.