కొత్త లాన్ పసుపెక్కుతోందా? ఒక మూల ఎత్తి చూడండి

(దృశ్యం: కొత్త ఇంటి ముందు అప్పుడే పరిచిన గడ్డి. కెమెరా నేలకు దగ్గరగా.)

లారీలోంచి దించి పరిచిన రోజున ఏ లాన్ అయినా కళకళలాడుతుంది. ఆ పచ్చదనం నర్సరీ పెట్టిన భిక్ష. కడియం నుంచి వచ్చినా, ఊరి చివరి నర్సరీ నుంచి వచ్చినా, మట్టితో సహా పలకలుగా కోసేటప్పుడే ఈ గడ్డి వేళ్లు చాలావరకు అక్కడే తెగిపోయాయి. ఇప్పుడు గడ్డికి ఉన్న ఆధారమంతా అడుగున అంటుకున్న ఈ పలుచటి మట్టే. అందుకే సరుకు దిగిన రోజే పరిచెయ్యాలి. చుట్ట చుట్టి రెండు రోజులు ఉంచితే లోపల వేడెక్కి కుళ్లుతుంది.

(దృశ్యం: రెండు చేతులు పలక మూల పట్టుకుని మెల్లగా లేపుతున్నాయి.)

రెండు మూడు రోజులకొకసారి ఇలా ఒక మూల మెల్లగా లేపి చూడండి. అడుగున తెల్లటి కొత్త వేళ్లు కనిపిస్తే సంతోషం. మట్టి పొడిపొడిగా రాలితే మీరు పోసే నీళ్లు ఆకులను మాత్రమే తడుపుతున్నాయి. బురదై, ముక్కిపోయిన వాసన కొడుతుంటే నీళ్లు ఎక్కువైనట్టు. పైనుంచి చూస్తే రెండు చోట్లా గడ్డి పసుపుగానే ఉంటుంది. మూల ఎత్తకుండా పైపు పట్టుకోవడం నాకైతే గుడ్డి వైద్యంలా అనిపిస్తుంది.

(దృశ్యం: పక్కపక్కనే బకెట్లు, పైన లెక్క.)

నీళ్ల లెక్క సులువే. చదరపు మీటరుకు ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన కురిసినట్టు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న లాన్‌కు 5 మిల్లీమీటర్లంటే దాదాపు 46 లీటర్లు, పదిహేను లీటర్ల బకెట్లయితే మూడు. మొదటి రెండు వారాలు పలకా, దాని కింది మట్టీ ఆరకూడదు. తెల్లవారుజామున ఒకసారి బాగా తడపండి. ఎండాకాలమైతే మధ్యాహ్నం మరోసారి తేలికగా చల్లండి. రాత్రి పూట వద్దు, ఆకు తడిగా ఉండిపోతే బూజు తెగుళ్లు వస్తాయి. అన్నిటికంటే ముందు ఎండేవి పలకల అతుకులు, గోడ వారగా, సిమెంటు బాట పక్కన ఉన్న అంచులు. పైపుతో నడుమే తడిపి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

వేరు పట్టాక పద్ధతి మార్చాలి. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. రెండు మూడు రోజులకొకసారి లోతుగా తడిపితే నీటి కోసం కిందికి దిగుతుంది.

(దృశ్యం: గునపంతో తవ్విన గుంట, బయటపడ్డ ఇటుక ముక్కలు.)

ఎంత తడిపినా వేరు దిగడం లేదంటే అసలు సంగతి ఇక్కడుంది. ఇల్లు కట్టిన మేస్త్రీలు పారబోసిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, మొరం. దాని మీద రెండు తట్టల ఎర్రమట్టి పోసి గడ్డి పరిచేస్తారు. పలక వేరు పట్టక ముందే కనిపెడితే ఎత్తి పక్కన పెట్టి, ఆరంగుళాలు తవ్వి, చెత్త ఏరి, మాగిన పశువుల ఎరువు కలిపి మళ్లీ పరచవచ్చు. తరువాత పలక మీద చెక్క వేసి తొక్కండి. కింద గాలి సందు ఉన్నచోట వేరు ఎండిపోతుంది.

పసుపెక్కగానే యూరియా చల్లేయడం మన అలవాటు. వేరు లేని గడ్డి దాన్ని తీసుకోలేదు, పైగా మాడుతుంది. నెల దాకా ఆగండి.

(దృశ్యం: లేత ఆకు దగ్గరగా. ఈనెలు పచ్చగా, వాటి మధ్య భాగం పాలిపోయి.)

వేరు పట్టింది, తడీ సరిపోయింది, అయినా లేత ఆకులు ఇలా పాలిపోతున్నాయా? సున్నం ఎక్కువున్న నేలల్లో, ఉప్పదనమున్న బోరు నీళ్లు పారే చోట ఇనుము అందక ఇలా అవుతుంది. రైతులు చేసేదే చేయండి: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పలుచగా పిచికారీ చేయండి. బాట మీద పడితే తుప్పు మరక పోదు, జాగ్రత్త.

(దృశ్యం: మొదటి కోత.)

మూల పట్టి లాగినా పలక కదలనప్పుడు మొదటి కోత పెట్టండి. ముందు రోజు నీళ్లు ఆపి, మిషను బ్లేడు పదును పెట్టించి, ఎత్తులో మూడో వంతుకు మించకుండా కోయాలి. పిల్లల క్రికెట్ మాత్రం ఇంకో రెండు వారాలు వీధిలోనే.